ఏ నెల బొమ్మ ఆ నెలలోనే: చేతి బొమ్మల గోడ క్యాలెండర్ తయారు చేసుకొనే పద్ధతి

గోడ క్యాలెండర్ ఏడాది పొడుగునా ఇంట్లో కంటికి ఎదురుగా ఉంటుంది. పుస్తకంలో బొమ్మను ఒకసారి చూసి పేజీ తిప్పేస్తాం. క్యాలెండర్ బొమ్మను మాత్రం పాల లెక్క రాసినప్పుడల్లా, గ్యాస్ బండ వచ్చిన తేదీ గుర్తు పెట్టినప్పుడల్లా, ఏకాదశి ఎప్పుడో చూసుకొన్నప్పుడల్లా నెలంతా చూస్తూనే ఉంటాం. అందుకని ఆ బొమ్మ నెల రోజుల చూపుకు నిలవాలి, దాని కింది తేదీలు చూసీ చూడగానే అందాలి. చాలామందికి క్యాలెండర్ ఆలోచన నవంబరులో వస్తుంది. అప్పటికి చేతిలో ఉన్న బొమ్మల్లో పన్నెండు ఏరి, మిగిలిన చోట తేదీలు ఇరికిస్తారు. అలా చేసినవాటిలో బొమ్మకూ నెలకూ పొత్తు ఉండదు, గళ్లలో పెన్ను పెట్టే చోటూ ఉండదు. ఇక్కడ చెప్పే పద్ధతిలో ముందు తేదీల గళ్లు కుదురుతాయి. ఆ తర్వాతే బొమ్మలు, అవి కూడా ఏ నెలది ఆ నెలలోనే, క్యాలెండర్ గోడకెక్కడానికి ఏడాది ముందునుంచి.

ఉదాహరణగా 2027 సంవత్సరాన్ని తీసుకొందాం. మూల చిత్రాలు పన్నెండూ సిరాగీతలతో, నీటిరంగులతో చేత్తో వేసి, వాటిని స్కాన్ చేయించి, ఇరవై ముప్పై ప్రతులు డిజిటల్ ముద్రణ చేయించి, కూర్పు మళ్లీ చేత్తోనే చేసుకోవడం మన ప్రణాళిక. ఒక్కరికే కానుకగా ఇవ్వదలిస్తే ముద్రణ లేకుండా అన్నీ చేత్తోనే రాయవచ్చు. కొలతలు, పద్ధతి అవే.

తేదీల గళ్లు

కాగితం పరిమాణం ఎ3, అంటే 297 మిల్లీమీటర్ల వెడల్పు, 420 మిల్లీమీటర్ల ఎత్తు. పైన కూర్పు కోసం 20, అడుగున అంచుకు 15 వదిలితే 385 మిల్లీమీటర్లు మిగులుతాయి. ఇందులో వారాల పేర్లకు 10, నెల పేరుకు 22, ఒక్కొక్కటి 25 మిల్లీమీటర్ల ఎత్తున ఆరు వరసల గళ్లకు 150 పోగా బొమ్మకు 203 మిల్లీమీటర్ల ఎత్తు దొరుకుతుంది. ఈ లెక్క ఊరికే వేసినది కాదు. 203 అంటే 8 అంగుళాలు. బొమ్మ వెడల్పు 254, అంటే 10 అంగుళాలు పెట్టుకొంటే, ఏ ఫొటో ఫ్రేముల దుకాణంలోనైనా సిద్ధంగా దొరికే పది ఎనిమిదంగుళాల ఫ్రేములో బొమ్మ సరిపోతుంది. 1894లో రాజా రవివర్మ ముంబైలో ముద్రణాలయం పెట్టి రంగుల బొమ్మలను సామాన్యుల ఇళ్లకు చేర్చిన కాలం నుంచీ నచ్చిన బొమ్మకు అద్దం కట్టించుకోవడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. తేదీలకు కాలం చెల్లినా బొమ్మ మిగలాలంటే దాన్ని శుభ్రంగా కత్తిరించి తీసుకొనే వీలు మొదటే కల్పించాలి. ఫ్రేము అంచు బొమ్మను నాలుగువైపులా కొంత కప్పేస్తుంది కాబట్టి అంచునుంచి 7 మిల్లీమీటర్ల లోపల ముఖ్యమైనదేదీ వేయవద్దు.

గడి వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఏడు గళ్లకు 252 అవుతుంది, బొమ్మ వెడల్పుతో దాదాపు కలిసిపోతుంది. ఆరేడు అడుగుల దూరంనుంచి ఇబ్బంది లేకుండా కనబడాలంటే తేదీ అంకె ఎత్తు 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంకెను గడి మధ్యలో కాక ఎడమ పైమూలన ఉంచితే మిగిలిన చోటు రాసుకోవడానికి వస్తుంది. క్యాలెండర్ అందంగా ఉంది కదా అని దాని మీద రాయడానికి ఇంట్లోవాళ్లు వెనకాడితే, ఆ క్యాలెండర్ పనికి రాకుండా పోయినట్టే. పాలప్యాకెట్ల లెక్క, పనిమనిషి రాని రోజు, మందుబిళ్లలు అయిపోయే తేదీ అన్నీ అందులో పడాలి.

ఆరు వరసలు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. వారాన్ని ఆదివారంతో మొదలుపెడితే, 2027 జనవరి 1 శుక్రవారం కాబట్టి జనవరి 31 ఒక్కటే ఆరో వరసలోకి దిగుతుంది. అక్టోబరు కూడా శుక్రవారమే మొదలై అదే పని చేస్తుంది. మే 1 శనివారం, అందుకని 30, 31 తేదీలు ఆరో వరసకు పోతాయి. మిగతా తొమ్మిది నెలలకూ అయిదు వరసలు చాలు. చోటు ఆదా చేయాలనుకొనేవారు మిగిలిపోయిన తేదీలను మొదటి వరసలోని ఖాళీ గళ్లలోకి ఎక్కిస్తారు. మే నెలలో 30ని మొదటి ఆదివారపు గడిలో, 31ని మొదటి సోమవారపు గడిలో పెట్టడమన్నమాట. మన గోడ క్యాలెండర్లలో ఇది ఉన్నదే, తప్పేమీ లేదు. అయితే చేత్తో చేసే క్యాలెండర్‌కు ఆరు వరసలే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తొమ్మిది నెలల్లో అడుగున మిగిలే 25 మిల్లీమీటర్ల పట్టీ చాలా విలువైన చోటు. పైన చెట్టు ఉంటే ఆ పట్టీలో దాని ఆకు, గింజ, నిలువునా కోసిన కాయ చిన్నగా వేయవచ్చు. పెద్ద బొమ్మలో కనబడని సంగతులు అక్కడ చెప్పుకోవచ్చు.

వారాల పేర్లు ఎడమవైపు నిలువుగా ఉండి తేదీలు పైనుంచి కిందికి నడిచే పద్ధతి మీ ఇంటివారికి అలవాటైతే దాన్నే తీసుకోండి. అప్పుడు ఏడు వరసలు ఒక్కొక్కటి 21 మిల్లీమీటర్లు, పేర్ల నిలువు పట్టీకి 30, తేదీల నిలువు పట్టీలు ఆరు ఒక్కొక్కటి 37 మిల్లీమీటర్లు పెట్టుకొంటే చోటంతా సరిపోతుంది.

ఇతివృత్తం

పన్నెండు బొమ్మలనూ కలిపే దారం ఒకటి ఉండాలి. అది ముగ్గులు కావచ్చు, ఊరి గుడిగోపురాలు కావచ్చు, వంటింటి పాత్రలు కావచ్చు. అయితే క్యాలెండర్‌కు అన్నిటికంటే తగినది నెలతోపాటు మారేది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో రాజస్థాన్, పహాడీ (హిమాలయ పర్వత ప్రాంత) ఆస్థానాల చిత్రకారులు బారామాసా పేరుతో పన్నెండు నెలలకు పన్నెండు చిత్రాలు వేశారు. వాటిలో నాయికా నాయకులు నెల నెలకూ మళ్లీ మళ్లీ వస్తారు. ఆకాశం, చెట్లు, బట్టలు, పక్షులు, జరిగే పండుగ మారుతుంటాయి. మారనిది ఒకటి ఉంటేనే మారేది కంటికి కనబడుతుంది. ఈ సూత్రాన్ని మనమూ వాడుకోవాలి. పన్నెండు బొమ్మల్లోనూ నేలగీత ఒకే ఎత్తున ఉండటం, చూసే దూరం ఒకటే కావడం, వెలుగు ఒకే వైపునుంచి రావడం వంటి కట్టుబాట్లలో ఒకటో రెండో ముందే పెట్టుకొని చివరిదాకా తప్పకుండా పాటించాలి.

నేను ఇక్కడ తెలుగునాట ఊరి చెట్లను తీసుకొంటున్నాను. జనవరికి రేగు పళ్లు, ఫిబ్రవరికి ఆకు రాలి ఎర్రగా పూచిన బూరుగ, మార్చికి మోదుగ, ఏప్రిల్‌కు వేప పూత, మేకు ముంజకాయల గెలలతో తాటి, జూన్‌కు నేరేడు, జులైకి కడిమి, ఆగస్టుకు కొమ్మ చివర తెల్లటి గుత్తులెత్తిన టేకు, సెప్టెంబరుకు తంగేడు, అక్టోబరుకు సీతాఫలం, నవంబరుకు ఉసిరి, డిసెంబరుకు పచ్చి కాయలతో చింత. మీ ప్రాంతాన్ని బట్టి ఈ వరస మారుతుంది, మారాలి కూడా. కోనసీమలో ఉన్నవారు కొబ్బరి లేకుండా, అరకు వైపున్నవారు సిల్వర్ ఓక్ నీడలోని కాఫీ తోట లేకుండా క్యాలెండర్ వేస్తే అది వారిది కాదు.

బొమ్మను పండుగకు కట్టేయకుండా రుతువుకు కట్టడం మంచిది. దీనికి గట్టి కారణం ఉంది. చాంద్రమాన సంవత్సరం సౌరమాన సంవత్సరం కంటే సుమారు పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికే అధికమాసం వస్తుంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల ఆ తర్వాతి పండుగలన్నీ ఆలస్యంగా పడ్డాయి. 2027లో అధికమాసం లేదు కాబట్టి అవి మళ్లీ ముందుకు వస్తాయి. దీపావళి 2026లో నవంబరు 8న వస్తే 2027లో అక్టోబరు 29నే వస్తుంది. వినాయక చవితి సెప్టెంబరు 14నుంచి 4కు జరుగుతుంది. నిరుటి అలవాటులో నవంబరు పేజీకి దీపాల వరస వేసినవారి బొమ్మ పండుగ వెళ్లిపోయాక గోడమీదికి వస్తుందన్నమాట. తంగేడు, ఉసిరి మాత్రం వాటి కాలానికి అవి వస్తాయి. తంగేడును సెప్టెంబరుకు పెట్టడానికి మరో అనుకూలం కూడా ఉంది: 2027లో బతుకమ్మ సెప్టెంబరు చివరలోనే మొదలవుతుంది.

తిథులు, సెలవులు

ప్రతి గడిలోనూ తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం నింపాలని చూడవద్దు. ఆ పని అచ్చు క్యాలెండర్లు బాగానే చేస్తున్నాయి, మన గళ్లు రాసుకోవడానికి కావాలి. పున్నమి, అమావాస్య, ఏకాదశి, సంకటహర చవితి, ముఖ్యమైన పండుగలు, ప్రభుత్వ సెలవులు చాలు. పున్నమికి ఖాళీ సున్న, అమావాస్యకు నిండు సున్న పెడితే మాటలు కూడా అక్కర్లేదు.

తేదీలు ఎక్కడినుంచి తీసుకోవాలన్నదే అసలు జాగ్రత్త. 2027 ఉగాది ఏప్రిల్ 7, బుధవారం. జనవరినుంచి అంతవరకు పరాభవ నామ సంవత్సరం, అక్కడినుంచి ప్లవంగ. అంటే ఒక ఇంగ్లీషు సంవత్సరానికి రెండు పంచాంగాలు కావాలి. రెండోది సాధారణంగా ఉగాది దగ్గర పడ్డాకే బజారులోకి వస్తుంది. నవంబరులో ముద్రణకు ఇచ్చేవారు ముందుగా గణించిన తిథులు దొరికేచోట ఒకే సిద్ధాంతానికి చెందిన ఒకే మూలం తీసుకొని ఏడాదంతా దానికే కట్టుబడాలి. దృగ్గణితం (ఆకాశంలో కనబడే గ్రహస్థానాలకు సరిపోయే లెక్క) ఒక నెలకు, పూర్వపద్ధతి (పాత సిద్ధాంత గ్రంథాల లెక్క) ఇంకో నెలకు కలిపితే ఏకాదశులు ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. సెలవుల జాబితాను రాష్ట్ర ప్రభుత్వం ఏటా విడుదల చేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జాబితాలు వేరువేరు కాబట్టి ప్రతులు ఏ రాష్ట్రానికి ఎక్కువ వెళ్తాయో చూసుకోవాలి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు పంపే ప్రతులకు తిథులు విడిగా వేయవలసిందే. తిథి చాలా పండుగలకు స్థానిక సూర్యోదయంతోనూ, దీపావళి వంటివాటికి స్థానిక సాయంకాలంతోనూ ముడిపడి ఉంటుంది. ఇక్కడి తేదీకీ అక్కడి తేదీకీ ఒక రోజు తేడా రావచ్చు. అక్కడి ఊరి పేరుతో గణించిన పంచాంగం చూసి ఆ ప్రతులకు వేరే గళ్ల పేజీ తయారు చేయండి. బొమ్మలు అవే ఉంటాయి కాబట్టి పని పెద్దది కాదు.

ఈ హడావిడి అంతా వద్దనుకొనేవారికి ఒక చక్కటి దారి ఉంది. క్యాలెండర్ జనవరిలోనే మొదలుకావాలన్న నియమం లేదు. ఉగాదికి మొదలై మరుసటి ఉగాదికి ముగిసేలా 2027 ఏప్రిల్ నుంచి 2028 మార్చి దాకా చేస్తే పంచాంగం దాదాపు ఒకటే సరిపోతుంది, ఉగాది కానుకగానూ ఇవ్వవచ్చు.

బొమ్మ వేయడం

నీటిరంగులకు 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాగితం వాడండి. 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడుగు ఉండే పూర్తి షీటును నాలుగుగా కోస్తే 11కు 15 అంగుళాల ముక్కలు వస్తాయి; మూడు షీట్లకు సరిగ్గా పన్నెండు ముక్కలు. పాడైపోయేవాటి కోసం నాలుగో షీటు కూడా అదే దుకాణంలో, అదే రకం, ఒకేసారి కొనండి. కాగితం తెలుపు రకానికో తీరుగా ఉంటుంది, ఆ తేడా స్కానింగులో బయటపడుతుంది. బొమ్మను ముద్రణలో ఉండే పరిమాణంలోనే, పది ఎనిమిదంగుళాల గీత లోపల వేస్తే గీతల లావు తర్వాత ఎలా కనబడుతుందో మీ కళ్లముందే ఉంటుంది.

నెల మొదటివారంలో చెట్టు దగ్గరికి వెళ్లి పెన్సిలుతో నాలుగైదు చిన్న నమూనాలు గీయండి. ఫొటో తీసుకోవచ్చు, కానీ ఫొటోను చూసి బొమ్మ మొదలుపెట్టవద్దు. మోదుగను ఫొటోలో చూస్తే ఎర్రటి మబ్బులా ఉంటుంది. కింద నిలబడి చూస్తే ఆ ఎరుపులో సగం అందం పువ్వుకు అడుగున ఉన్న నలుపువల్ల వచ్చిందని తెలుస్తుంది. ఒక కొమ్మ వంచి దగ్గరగా చూడండి. ఆకు లేదు, కొమ్మ చివర మొగ్గలన్నీ ఒకవైపు బారులు తీరి ఉంటాయి. ప్రతి పువ్వునూ పట్టుకొని ఉన్న రక్షకపత్రం ముదురు ఆలివ్ రంగులో, దాదాపు నల్లగా, వేలితో తాకితే మఖమల్ గుడ్డలా ఉంటుంది. రేకుల్లో ఒకటి చిలక ముక్కులా వంగి ఉంటుంది. మొగ్గ నలుపు, విచ్చుతున్నది నారింజ, రాలబోయేది ముదురు ఎరుపు, మూడూ ఒకే గుత్తిలో దొరుకుతాయి. ఈ మూడు దశలూ బొమ్మలో ఉంటే నెల రోజులు చూసినా విసుగురాదు.

రంగు వేసే వరస ఇది. ముందు జలనిరోధక సిరాతో కొమ్మను, మొగ్గల గీతలను గీసి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత పువ్వులన్నిటికీ కలిపి పలచటి గాంబోజ్ పసుపు పూత వేయాలి. అది ఆరాక వెర్మిలియన్‌ను నీడవైపు మాత్రమే వేసి, వెలుగువైపు అంచున పసుపును సన్నగా వదలాలి. మూడోసారి క్రిమ్సన్‌తో మడతల లోపలి నీడలు తీర్చాలి. ఇక్కడ ఒక నియమం ముఖ్యం: నారింజలో నీడ కోసం నీలం కలపవద్దు. కాగితం మీద అది బాగానే కనబడినా, ముద్రణలో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతోనే అన్ని రంగులూ తయారవుతాయి కాబట్టి నారింజలోకి కొంచెం సయాన్ దూరినా పువ్వు ఇటుకపొడి రంగుకు దిగిపోతుంది. నీలాన్ని వెనకనున్న ఆకాశానికి ఉంచండి. అల్ట్రామెరైన్‌లో కొద్దిగా బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిద నీలాన్ని పలచగా వెనక పరిస్తే, ముద్రణలో తగ్గిన నారింజ కూడా ఆ బూడిదపక్కన మండుతున్నట్టే కనబడుతుంది. రక్షకపత్రాలకు సెపియా, ఆలివ్ గ్రీన్ కలిపి చిక్కగా చివర్లో పెట్టాలి. ఆ నల్లటి చుక్కలు పడేదాకా బొమ్మ తేలిపోయినట్టే ఉంటుంది, కంగారుపడి అంతకుముందే రంగులు పెంచవద్దు.

వేప పూతకు ఇదంతా తలకిందులవుతుంది. అక్కడ పువ్వు తెలుపు, కాబట్టి రంగు పువ్వుకు కాదు, చుట్టూ ఉన్న ఆకుకు. తెల్లరంగు వాడకుండా కాగితపు తెలుపునే వదిలి, లేత ఆకుల రాగి ఎరుపును, ముదురాకుల పచ్చను వాటిచుట్టూ పేర్చాలి. తాటిచెట్టు పొడవు అడ్డంగా ఉన్న బొమ్మలో పట్టదు. చెట్టంతా పెట్టాలని చూడకుండా తలనూ గెలలనూ ఆకాశం మీద పెట్టండి, లేదా చెట్టు కింద పరిచిన ముంజల కుప్పను వేసి వెనక కాండాన్ని మాత్రం చూపండి. తక్కిన చెట్లకూ ఇలాగే ఒక్కో నెలలో ఒక్కో చిక్కు ఎదురవుతుంది. చెట్టు కింద గడిపిన సమయమే దానికి మందు.

ఏడాదంతా ఆగే వీలులేనివారు కనీసం ఒక పని చేయవచ్చు. ఈ నెలా వచ్చే నెలా బొమ్మలను ఎదుట చూసి వేసి, మిగిలిన నెలలకు ఎప్పటికీ ఎదుటనే ఉండేవి, అంటే మానులు, బెరడు, గింజలు, ఎండుటాకులు ఎంచుకోవాలి. చూడని పువ్వును ఊహించి వేయడం కంటే చూసిన బెరడును వేయడం వెయ్యి రెట్లు నయం.

అక్షరాలు

నెల పేరు చేత్తో రాస్తేనే క్యాలెండర్‌కు మీ ముద్ర పడుతుంది. తెలుగు అక్షరానికి పైన గుడులు, దీర్ఘాలు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి 22 మిల్లీమీటర్ల పట్టీని మూడు భాగాలు చేసి, పైన 6, మధ్యలో అక్షరపు ఒంటికి 9, కింద 7 మిల్లీమీటర్లతో పెన్సిలు గీతలు గీసుకోండి. సెప్టెంబరులో ట వత్తు, ఫిబ్రవరిలో రకారం, పక్కన చాంద్రమాన మాసం కూడా రాస్తే జ్యేష్ఠంలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే రెండు వత్తులు కిందికి దిగుతాయి. ముందు ఈ కష్టమైన పేర్లు రాసి చూసి, వాటికి చాలిన చోటునే అన్ని నెలలకూ నిర్ణయించాలి. తెలుగు గుండ్రటి లిపి కనుక ఇంగ్లీషు కాలిగ్రఫీకి వాడే పలక పాళీ కంటే ఒకే లావు గీత పడే గుండ్రటి పాళీయో, సన్నటి కుంచెయో బాగా కుదురుతుంది.

తేదీలకు 1నుంచి 31దాకా అంకెలను ఒకసారి మంచిగా రాసి స్కాన్ చేసుకొని పన్నెండు నెలలకూ వాడుకోవచ్చు. సున్నానుంచి తొమ్మిదిదాకా పది అంకెలే రాసి అతికించవద్దు. 11లోని రెండు ఒకట్లు అచ్చుగుద్దినట్టు ఉంటే చేతిరాత అన్న భావం పోతుంది. తెలుగు అంకెలు వాడాలన్న కోరిక నాకూ ఉంది. ఇంట్లో చిన్నవాళ్లు చదవలేకపోతే క్యాలెండర్ పక్కనే ఫోను చూస్తారు, అందుకని పెద్ద అంకెను 1, 2, 3లలోనే ఉంచి, గడి కుడిమూలన ౧, ౨, ౩లను చిన్నగా పెట్టండి. ఏడాది తిరిగేసరికి పిల్లలకు అవి వాటంతటవే పట్టుబడతాయి. పండుగ పేర్ల వంటి చిన్న అక్షరాలకు మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర వంటి ఉచిత తెలుగు ఫాంట్లు ఉన్నాయి. చిన్న సైజులో మండలి స్పష్టంగా ఉంటుంది.

స్కానింగ్, ముద్రణ

బొమ్మల చుట్టూ ఉన్న కాగితాన్ని కొద్ది మిల్లీమీటర్లు మాత్రం వదిలి కత్తిరిస్తే మామూలు ఎ4 స్కానర్‌లోనే పడతాయి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) వద్ద స్కాన్ చేసి దాచుకోండి. ముద్రణకు 300 చాలు, అప్పుడు బొమ్మ 3000కు 2400 పిక్సెళ్లు అవుతుంది. స్కానర్ లేకపోతే మేఘావృతమైన పగటి వెలుతురులో, కెమెరాను బొమ్మకు సమాంతరంగా ఉంచి ఫొటో తీయవచ్చు, కానీ పన్నెండూ ఒకే రోజు, ఒకే చోట తీయాలి.

ఫైలు తయారుచేసేటప్పుడు అంకెలు, అక్షరాలు కేవలం నలుపు సిరాతో పడేలా చూడండి. నాలుగు రంగులూ కలిసిన నలుపైతే సిరాలు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాలు మసకబారతాయి. పై అట్టలా రంగు అంచుదాకా వెళ్లే పేజీలకు నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా రంగు పొడిగించాలి, లేకుంటే కోతలో తెల్లగీత మిగులుతుంది.

ముద్రణ కాగితం విషయంలో దుకాణంవారు మొదట మెరిసే ఆర్ట్ పేపర్ చూపిస్తారు. ఒప్పుకోవద్దు. దానిమీద బాల్ పెన్ను జారుతుంది, ట్యూబ్‌లైటు పడి తేదీలు మెరుస్తాయి. 170 జీఎస్‌ఎం మ్యాట్ కాగితమో, కొంచెం మందపు మ్యాప్‌లిథోనో (పైన పూత లేని ముద్రణ కాగితం) అడగండి. మ్యాప్‌లిథోలో రంగులు కొద్దిగా తగ్గుతాయి, రాత మాత్రం హాయిగా సాగుతుంది. అన్ని ప్రతులూ వేయించే ముందు మార్చి పేజీ ఒక్కటి నమూనాగా తీయించి, ఇంటికి తెచ్చి, వేలాడదీసే గోడమీదే పెట్టి చూడాలి. నారింజ నిలిచిందంటే మిగతా రంగులకు భయం లేదు. అదే కాగితం మీద ఇంట్లో ఉన్న ప్రతి పెన్నుతోనూ ఒక గడిలో రాసి, వెంటనే వేలితో రుద్ది చూడండి.

తేదీల తప్పు పట్టడానికి సులువైన ఉపాయం ఉంది. 2027 కూడా 2021లాగే శుక్రవారం మొదలయ్యే లీపు కాని సంవత్సరం, కాబట్టి తేదీలూ వారాలూ అచ్చంగా కలుస్తాయి. పాత 2021 క్యాలెండర్ ఇంట్లో ఉంటే దాని పక్కన పెట్టి ప్రతి నెలా పోల్చండి. వారాలే కలుస్తాయి, పండుగలు కలవవు. వాటిని పంచాంగంతోనే సరిచూడాలి, అది కూడా మీరు కాక మరొకరు చదువుతుంటే మీరు చూడాలి.

కూర్పు

వైరో కూర్పు (రంధ్రాల్లో లోహపు తీగ చుట్లు వేసే కూర్పు) దుకాణంలోనే చేసిపెడతారు, పేజీలు సులువుగా తిరుగుతాయి, పని అయిపోతుంది. చేత్తో చేయాలనుకొంటే 297 మిల్లీమీటర్ల పొడుగు, 20 మిల్లీమీటర్ల వెడల్పు గల స్ట్రాబోర్డు పట్టీలు రెండు కోసుకోండి. మంగళగిరి చీర అంచో, పోచంపల్లి ఇక్కత్ ముక్కో వాటికి చుట్టి అతికిస్తే బాగుంటుంది. మైదాపిండి ఉడికించిన జిగురు చాలు. పురుగు పట్టకుండా బైండింగ్ చేసేవారు అందులో చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తారు. అది విషం కాబట్టి వంటగిన్నె వాడవద్దు, చేతులు బాగా కడుక్కోవాలి. మైలుతుత్తం వద్దనుకొనేవారు చింతగింజల జిగురు చేసుకోవచ్చు. తెలంగాణలోని చేర్యాలలో బట్టమీద కథల బొమ్మలు వేసే నకాషీ చిత్రకారులు ఆ బట్టను సిద్ధం చేయడానికి దాన్నే వాడతారు.

పన్నెండు పేజీలనూ అట్టనూ సరిచేసి, రెండు పట్టీల మధ్య బిగించి, అంచునుంచి 10 మిల్లీమీటర్ల దూరంలో అయిదు రంధ్రాలు దబ్బనంతో పొడిచి, మైనం పూసిన నూలుదారంతో మధ్య రంధ్రంనుంచి మొదలుపెట్టి అటూ ఇటూ కుట్టి మళ్లీ మధ్యకు వచ్చి ముడివేయాలి. కుట్టే ముందే ప్రతి పేజీ మీద పట్టీకి కాస్త కిందుగా, రాయని బాల్ పెన్ను మొనతో స్కేలు వెంట గట్టిగా ఒక గీత గీసి ఉంచండి. పేజీ అక్కడ వంగి చిరగకుండా పైకి తిరుగుతుంది. వేలాడదీసే దారాన్ని ఒకే రంధ్రానికి కాక రెండు చివరి రంధ్రాలకూ కట్టాలి, లేకుంటే ఫ్యాను గాలికి క్యాలెండర్ పక్కకు ఒరుగుతుంది.

పంపవలసిన ప్రతులను గొట్టంలో చుట్టవద్దు. కూర్పు పట్టీ వంగదు, వంగితే కుట్టు వదులవుతుంది. ఎ3 కంటే రెండువైపులా రెండేసి సెంటీమీటర్లు పెద్దవైన అట్టముక్కల మధ్య చదునుగా పెట్టి, ముందు ప్లాస్టిక్ కవరు, తర్వాత బ్రౌన్ పేపర్ చుట్టి, నాలుగు మూలలకూ అదనపు అట్ట మడిచి పెట్టాలి. మూల చిత్రాలను మాత్రం ఎవరికీ ఇవ్వకుండా, మధ్యమధ్య బటర్ పేపర్ పెట్టి, తడి తగలని చోట చదునుగా పడుకోబెట్టి ఉంచండి.